క్వాంటం భౌతికశాస్త్రం – స్వతంత్ర ప్రయోగాలు: తెలుగు విజ్ఞాన రచనలో సంశయదృష్టి

వ్యాససంగ్రహం:

క్వాంటం భౌతికశాస్త్రంలో స్థిరపడిన అభిప్రాయాలను సవాలు చేసే ప్రయోగాల గురించి తెలుగులో రాసేటప్పుడు రెండు ధోరణులు తరచు కనిపిస్తాయి. ఒకటి, సవాలు చేసినవారిని ఒంటరి వీరులుగా కీర్తించడం. రెండవది, వారి హోదాను చూసి తోసిపుచ్చడం. రెండింటిలోనూ వ్యక్తి ముందుకు వచ్చి ప్రయోగం మరుగునపడుతుంది. 1931లో సి.వి. రామన్, సూరి భగవంతం ప్రకటించిన ఫోటాన్ స్పిన్ ప్రయోగం, 1940లలో స్ఫటిక కంపనాలపై రామన్, మాక్స్ బోర్న్‌ల మధ్య సాగిన వివాదం, భగవంతం, టి. వెంకటరాయుడు రూపొందించిన సౌష్ఠవ పద్ధతి - ఈ మూడింటిని ఆధారంగా చేసుకొని, సంశయానికి సరైన కొలమానం ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ కొలమానాన్ని తెలుగులో చెప్పడానికి న్యాయదర్శన పరిభాష ఎంతవరకు ఉపకరిస్తుందో వివేచిస్తుంది.

కీలకపదాలు: సంశయం, స్వతంత్ర ప్రయోగం, రామన్, భగవంతం, బోర్న్, వజ్రం, సవ్యభిచార హేతువు, విజ్ఞాన రచన.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి మొదలుకొని 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వరకు ఎన్నో సంస్థలు, ఎందరో రచయితలు ఆధునిక విజ్ఞానాన్ని తెలుగులోకి తేవడానికి కృషి చేశారు. ఆ కృషిలో పరిభాషా నిర్మాణానికి దక్కిన శ్రద్ధ విజ్ఞాన విమర్శకు దక్కలేదు. ఒక భావనను తెలుగులో ఏమని పిలవాలన్న చర్చ విస్తారంగా జరిగింది. ఒక కొత్త వాదం వచ్చినప్పుడు దానిని తెలుగులో ఎలా పరీక్షించాలన్న చర్చ మాత్రం ఆ స్థాయిలో జరగలేదు.

ఈ లోటు క్వాంటం భౌతికశాస్త్రం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ శాస్త్రం చెప్పే విషయాలు నిత్యానుభవానికి దూరంగా ఉంటాయి. అందువల్ల అది తప్పని చెప్పే మాటకు శ్రోతలు సులభంగా దొరుకుతారు. 2019 జనవరిలో జలంధర్ సమీపంలో జరిగిన 106వ భారత విజ్ఞాన మహాసభలో ఒక వక్త న్యూటన్, ఐన్‌స్టీన్ ఇద్దరూ పొరబడ్డారని ప్రకటించాడు. అదే సభలో ఒక తెలుగు విశ్వవిద్యాలయ ఉపకులపతి కౌరవుల జననాన్ని ఆధునిక మూలకణ పరిజ్ఞానంతో ముడిపెట్టారు. ఈ రెండు ప్రసంగాలపైనా శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు. ఆ నిరసన సమంజసమే. అయితే అవి ఎందుకు తప్పో, ఏ ప్రమాణంతో తప్పో విద్యార్థికి తెలుగులో చెప్పగలిగినప్పుడే ఆ నిరసన తరగతి గదికి చేరుతుంది. "పెద్దలు ఒప్పుకోలేదు" అన్నది విద్యార్థికి చాలిన సమాధానం కాదు. ఎందుకంటే పెద్దలే పొరబడిన సందర్భాలు విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఉన్నాయి. అటువంటి ఒక సందర్భంలో తెలుగువారి పాత్ర కూడా ఉంది.

2. 'స్వతంత్రం' అనే మాటలోని రెండు అర్థాలు:

'స్వతంత్ర ప్రయోగం' అనే పదబంధాన్ని రెండు భిన్నమైన అర్థాలలో వాడుతున్నారు. మొదటి అర్థంలో అది ప్రధాన స్రవంతికి, గుర్తింపు పొందిన సిద్ధాంతానికి వెలుపల నిలిచి చేసిన ప్రయోగం. రెండవ అర్థంలో అది ఒకరి ఫలితాన్ని, ఆ ఫలితంతో ఏ ప్రయోజనమూ లేని మరొకరు తమ పరికరాలతో, తమ పద్ధతితో తిరిగి పరీక్షించడం. మొదటిది ప్రయోగం చేసిన వ్యక్తి స్థితిని చెబుతుంది. రెండవది ఫలితానికి ఉన్న బలాన్ని చెబుతుంది.

తెలుగు కథనాలలో ఈ రెండు అర్థాలు కలిసిపోతాయి. "స్వతంత్రంగా పరిశోధించి ఐన్‌స్టీన్‌ను సవాలు చేశాడు" అనే తరహా వాక్యంలో 'స్వతంత్రంగా' అన్న మాట మొదటి అర్థంలో వచ్చి, రెండవ అర్థానికి చెందిన గౌరవాన్ని అందుకుంటుంది. ఒక వ్యక్తి ఏ సంస్థకూ చెందకపోవడం అతని ప్రయోగానికి బలమూ కాదు, లోపమూ కాదు. ఆ ప్రయోగాన్ని మరొకరు చేసి చూశారా, చూస్తే ఏం కనిపించింది అన్నదే విచారణీయం.

క్వాంటం భౌతికశాస్త్రం ఇటువంటి పరీక్షలను తప్పించుకోలేదు. 1972లో బర్క్‌లీలో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ బెల్ అసమానతను ప్రయోగంతో పరీక్షించారు. క్వాంటం యాంత్రికశాస్త్రం ఇక్కడ ఓడిపోతుందని క్లౌజర్ ఆశించాడు. ఫలితం అతని ఆశకు విరుద్ధంగా వచ్చింది. అతడు దానిని ప్రకటించాడు. 1973లో హార్వర్డ్‌లో హోల్ట్, పిప్కిన్ చేసిన ప్రయోగంలో క్వాంటం అంచనాకు వ్యతిరేకమైన ఫలితం వచ్చింది. దానిని ఎవరూ హోదా చూసి కొట్టివేయలేదు. క్లౌజర్ ఆ తరహా ప్రయోగాన్ని మళ్ళీ చేశాడు. 1976లో వెలువడిన అతని ఫలితం క్వాంటం అంచనాతో సరిపోయింది. ఆ తరువాత 1982లో పారిస్ సమీపంలో ఆస్పె బృందం, 2015లో వేర్వేరు దేశాల బృందాలు ఇంకా కట్టుదిట్టమైన పరీక్షలు జరిపాయి. 2022 నోబెల్ బహుమతి క్లౌజర్, ఆస్పె, జైలింగర్‌లకు లభించింది. స్థిరపడిన అభిప్రాయం నిలిచింది అధికారబలంతో కాదు. తనను ఓడించాలని చూసిన ప్రయోగాలను ఎదుర్కొని నిలిచింది.

3. 'నిరూపణ' అన్న శీర్షిక: రామన్, భగవంతం (1931):

సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లాలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ వద్ద చేరారు. అది రామన్ ఫలితం వెలువడిన సంవత్సరం. 1931లో గురుశిష్యులిద్దరూ ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఒక పత్రం ప్రచురించారు. దాని శీర్షికకు తెలుగు "ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగాత్మక నిరూపణ". అణువులు పరిక్షేపించిన కాంతి ధ్రువణం ఎంతవరకు సడలుతుందో వారు కొలిచారు. ఆనాటి పరిక్షేపణ సిద్ధాంతం ఊహించిన విలువలకూ తాము కొలిచిన విలువలకూ తేడా ఉందనీ, ఫోటాన్‌కు సహజమైన స్పిన్ ఉందనుకుంటే ఆ తేడా అర్థమవుతుందనీ వారి వాదం. సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ప్లాంక్ సూత్రాన్ని రాబట్టిన విధానంలో వచ్చే 'రెండు' అనే గుణకానికి ఈ స్పిన్‌తో ఉన్న సంబంధాన్ని కూడా వారు ప్రస్తావించారు.

ఫోటాన్‌కు ఒక యూనిట్ స్పిన్ ఉందన్నది నేడు సర్వాంగీకృతం. ఆ విధంగా వారి నిర్ణయం సరైనదే. అయితే దానికి నిదర్శనంగా భౌతికశాస్త్ర గ్రంథాలు సాధారణంగా చూపేది 1936లో ప్రిన్స్‌టన్‌లో రిచర్డ్ బెత్ చేసిన ప్రయోగాన్ని. సన్నని క్వార్ట్జ్ పోగుకు వేలాడదీసిన పలక గుండా వృత్తీయంగా ధ్రువణం చెందిన కాంతిని పంపి, ఆ కాంతి పలకను మెలితిప్పడాన్ని బెత్ నేరుగా కొలిచాడు. 1931 ప్రయోగంలో కొలతకూ నిర్ణయానికీ మధ్య ఒక సిద్ధాంతపు వంతెన ఉంది. ఆ వంతెనలో ఏ భాగం మారినా నిర్ణయాన్ని మళ్ళీ విచారించవలసి వస్తుంది. 1936 ప్రయోగంలో ఆ దూరం బాగా తగ్గింది.

ఈ ఉదంతాన్ని తెలుగులో చెప్పేటప్పుడు "భగవంతం ఫోటాన్ స్పిన్‌ను నిరూపించారు" అని ముగించడం తేలిక. ఆ వాక్యం వినడానికి గర్వకారణంగా ఉంటుంది. కాని అది విద్యార్థికి ఒక ముఖ్యమైన భేదాన్ని దాచిపెడుతుంది: సరైన నిర్ణయానికి చేరడం వేరు, ఆ నిర్ణయాన్ని ఇతర మార్గాలకు తావులేకుండా స్థాపించడం వేరు. ఈ భేదాన్ని చెప్పడం వల్ల భగవంతం ఘనతకు లోటు రాదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన ఆనాటి భౌతికశాస్త్రపు కీలకప్రశ్నపై పనిచేశారన్న వాస్తవం అలాగే ఉంటుంది.

4. వజ్రం చెప్పిన సాక్ష్యం: రామన్, బోర్న్:

రెండవ ఉదంతం దీనికి విలోమం. 1933లో రామన్ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా వచ్చారు. 1934లో భారతీయ విజ్ఞాన అకాడమీని స్థాపించారు. 1935-36లో ఆయన ఆహ్వానంపైనే మాక్స్ బోర్న్ కొన్ని నెలలు బెంగళూరులో పనిచేశారు. స్ఫటికంలోని పరమాణువులు ఎలా కంపిస్తాయన్న ప్రశ్నపై ఆ ఇద్దరే తరువాత ప్రత్యర్థులయ్యారు.

బోర్న్, ఫాన్ కార్మాన్ 1912లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, స్ఫటికంలో వీలయ్యే కంపనాల పౌనఃపున్యాలు తెగకుండా ఒకదాని వెంట ఒకటిగా పరుచుకొని ఉంటాయి. రామన్ దీనిని 1940లలో తిరస్కరించారు. బోర్న్ గణితంలోని ఆవర్తక సరిహద్దు నియమానికి భౌతికమైన ఆధారం లేదని ఆయన ఆక్షేపణ. యూనిట్ సెల్‌లో 'పి' సంఖ్యలో పరమాణువులుంటే, వీలయ్యే ప్రధాన కంపన రీతుల సంఖ్య 24పి − 3 మాత్రమేనని ఆయన ప్రతిపాదించారు. వజ్రానికి ఆ సంఖ్య 45. సౌష్ఠవం వల్ల వాటిలో చాలావరకు ఒకే పౌనఃపున్యాన్ని పంచుకుంటాయి కాబట్టి వర్ణపటంలో కొన్ని విడివిడి రేఖలు మాత్రమే కనిపించాలి.

దీనికి సాక్ష్యంగా నిలిచింది వజ్రం. వజ్రపు రామన్ వర్ణపటంలో సెంటీమీటరుకు 1332 తరంగాల వద్ద ఒక ప్రబలమైన రేఖ ఉంటుంది. దానికి తోడుగా అతి బలహీనమైన రెండవ శ్రేణి వర్ణపటం ఒకటుంది. బెంగళూరులో ఆర్.ఎస్. కృష్ణన్ పాదరస దీపపు అతినీలలోహిత కాంతితో దానిని అసాధారణమైన స్పష్టతతో నమోదు చేశారు. అందులో తీక్ష్ణమైన శిఖరాలు కనిపించాయి. "సిద్ధాంతం అవిచ్ఛిన్నమంటోంది, ప్రయోగం రేఖలు చూపుతోంది; కనుక సిద్ధాంతం తప్పు" - స్థూలంగా రామన్ వాదం ఇది.

ఈ వివాదంలో హోదాను కొలమానంగా తీసుకుంటే ఏమవుతుందో గమనించాలి. ఆనాటికి రామన్ నోబెల్ గ్రహీత. బోర్న్‌కు ఆ బహుమతి 1954లో గాని రాలేదు. హోదా నిర్ణయించి ఉంటే గెలుపు రామన్‌దే. ఒంటరి వీరుని కొలమానమూ ఇక్కడ పనిచేయదు. పాశ్చాత్య పండితులను ఎదిరించిన భారతీయుడన్న కథనం ఆకర్షణీయమే కాని, ఆ ఆకర్షణ వజ్రపు కంపనాలను మార్చదు.

వివాదం తేలింది వేరే చోట్ల, వేరే చేతుల్లో. 1948లో ఎడిన్‌బరోలో హెలెన్ స్మిత్ బోర్న్ సిద్ధాంతం ఆధారంగా వజ్రపు రెండవ శ్రేణి వర్ణపటాన్ని గణించి, దాని ముఖ్య లక్షణాలను వివరించగలిగింది. 1953లో వాన్ హోవ్ ఒక కీలకమైన విషయం చూపాడు. అవిచ్ఛిన్నమైన కంపన పంపిణీలో కూడా కొన్ని పౌనఃపున్యాల వద్ద కంపన రీతులు గుమిగూడక తప్పదు. అక్కడ తీక్ష్ణమైన శిఖరాలు, మలుపులు ఏర్పడక తప్పదు. ఆపై న్యూట్రాన్ పరిక్షేపణ వచ్చింది. 1950లలో ఇతర స్ఫటికాలపై, 1960లలో వజ్రంపై జరిగిన న్యూట్రాన్ ప్రయోగాలు, తరంగదైర్ఘ్యాన్ని బట్టి కంపన పౌనఃపున్యం తెగకుండా మారుతూ పోతుందని నేరుగా చూపాయి. రామన్ మాత్రం 1970లో మరణించేవరకు తన అభిప్రాయాన్ని విడిచిపెట్టలేదు.

ఇక్కడ ఓడిపోయింది ఏమిటి? కృష్ణన్ నమోదు చేసిన వర్ణపటం ఓడిపోలేదు. అందులోని శిఖరాలు నిజమైనవే. పైగా బోర్న్ పక్షం వాటిని వివరించవలసి వచ్చింది కాబట్టి ఆ సవాలు ప్రధాన సిద్ధాంతానికి పదును పెట్టింది. ఓడిపోయింది ఆ శిఖరాలకు రామన్ చెప్పిన భాష్యం. మొదటి ఉదంతంలో నిర్ణయం నిలిచింది, ఆధారం నిర్ణాయకం కాలేదు. రెండవ ఉదంతంలో ఆధారం నిలిచింది, నిర్ణయం కూలింది. "రామన్ తప్పు" అన్న వాక్యం గాని, "రామన్‌ను అణచివేశారు" అన్న వాక్యం గాని ఈ సంగతిని చెప్పలేవు.

5. న్యాయదర్శన పరిభాష ఉపకరించే తీరు:

ఈ భేదాలను చెప్పడానికి తెలుగులో మాటలు లేవన్న అభిప్రాయం ఉంది. అది సరికాదు. తెలుగు పండితులు తరతరాలుగా చదివిన న్యాయదర్శనం విచారణకు కావలసిన పదహారు పదార్థాలను పేర్కొంది. సంశయం వాటిలో మూడవది, నిర్ణయం తొమ్మిదవది. సంశయం విచారణకు ప్రారంభం, నిర్ణయం దాని ఫలం. సంశయించడమే ముగింపు కాదు. నిర్ణయమే ఆరంభమూ కాదు.

ఈ పరిభాషలో హేత్వాభాసాలు, అంటే హేతువులా కనిపించి హేతువు కానివి, ప్రత్యేకంగా గమనార్హం. వాటిలో సవ్యభిచారం ఒకటి. సాధించదలచిన పక్షానికీ, దానికి విరుద్ధమైన పక్షానికీ సమానంగా పొసగే హేతువు సవ్యభిచార హేతువు. వజ్రపు వర్ణపటంలోని తీక్ష్ణ శిఖరాలు సరిగ్గా ఇటువంటి హేతువు. విడివిడి పౌనఃపున్యాలే ఉంటే శిఖరాలు కనిపిస్తాయి. అవిచ్ఛిన్నమైన పంపిణీ ఉన్నా, వాన్ హోవ్ చూపినట్లు, శిఖరాలు కనిపిస్తాయి. కాబట్టి శిఖరాలను చూపి మొదటి పక్షాన్ని సాధించడం కుదరదు. రెండు పక్షాలు వేర్వేరు ఫలితాలు చెప్పే చోటికి, అంటే న్యూట్రాన్ ప్రయోగానికి, వెళ్ళక తప్పదు. క్వాంటం భౌతికశాస్త్రాన్ని తోసిరాజన్నామని చెప్పే ఏ ప్రయోగాన్నయినా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ ఫలితం పాత సిద్ధాంతానికి కూడా పొసగుతుందా? పరికరంలోని లోపానికి కూడా పొసగుతుందా?

వాదం, జల్పం, వితండ అనే విభజన కూడా ఉపయుక్తం. తత్త్వాన్ని తెలుసుకోవడానికి జరిగేది వాదం. గెలవడం కోసం ఛలం మొదలైనవాటిని కూడా ఆశ్రయించేది జల్పం. తన పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడం మాత్రమే చేసేది వితండ. "ఐన్‌స్టీన్ తప్పు" అని మాత్రమే చెప్పి, తన సిద్ధాంతం ఏ కొలతను ముందుగా చెబుతుందో, ఏ కొలత వస్తే తాను ఓడినట్లో చెప్పని ప్రసంగం వితండ. ఈ గీటురాయి మీద చూస్తే రామన్ సవాలు వితండ కాదు. ఆయన తన పక్షాన్ని సంఖ్యలతో నిలబెట్టారు. ఓడిపోవడానికి వీలైన రూపంలో చెప్పారు. అందుకే దానిని పరీక్షించడం సాధ్యమైంది. ఓడిపోయిన రామన్ ప్రతిపాదనకు, ఓడడానికి వీలే లేని వేదిక మీది ప్రకటనకు మధ్య ఉన్న దూరం ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. న్యాయదర్శన పదాలను వాడడమంటే ప్రాచీనులకు క్వాంటం భౌతికశాస్త్రం తెలుసని చెప్పడం కాదు. అలా చెప్పడం ఆ దర్శనం నేర్పిన విచారణకే విరుద్ధం. తీసుకోవలసింది పరిశీలన పద్ధతికి పనికివచ్చే మాటలను. భౌతికశాస్త్ర ఫలితాలను కాదు.

ఆధునిక తెలుగు వాడుకలో 'సిద్ధాంతం' అన్న మాట పడుతున్న ఇబ్బంది కూడా ఇక్కడే తెలుస్తుంది. న్యాయంలో సిద్ధాంతమంటే స్థిరపడినదిగా అంగీకరించిన విషయం. నేటి తెలుగులో క్వాంటం సిద్ధాంతమూ సిద్ధాంతమే. నిన్న ఒకరు కాగితం మీద రాసుకున్న ఊహా 'కొత్త సిద్ధాంతమే'. ఒకే మాటతో రెండూ సమాన హోదా పొందుతున్నాయి. రెండవదానికి 'పరికల్పన' అన్న మాట పరిభాషలో ఉంది. దానిని పాఠ్యపుస్తకం నుంచి వార్తారచనలోకి తేవడం అవసరం.

6. వివాదానికి అతీతంగా నిలిచిన పని:

ఈ చర్చలో భగవంతం, వెంకటరాయుడుల కృషికి ప్రత్యేక స్థానం ఉంది. 1939లో ఈ ఇద్దరూ స్ఫటిక నిర్మాణానికీ రామన్ ఫలితానికీ ఉన్న సంబంధంపై భారతీయ విజ్ఞాన అకాడమీ ప్రొసీడింగ్స్‌లో ఒక పత్రం ప్రచురించారు. యూనిట్ సెల్‌లోని పరమాణువుల అమరికను, దాని సౌష్ఠవాన్ని ఆధారంగా చేసుకొని, ఆ స్ఫటికపు రామన్ వర్ణపటంలో, పరారుణ వర్ణపటంలో ఎన్నెన్ని కంపనాలు కనిపించడానికి వీలుందో లెక్కించే పద్ధతి అది. 1948లో సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలకు దాని అనువర్తనం అనే విషయంపై వారి ఆంగ్ల గ్రంథాన్ని వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది. స్ఫటిక వర్ణపటశాస్త్రంలో ఆ పద్ధతిని నేటికీ వారిద్దరి పేరుతోనే ప్రస్తావిస్తారు.

రామన్ కంపన సిద్ధాంతానికి వేదికైన పత్రికే ఈ పద్ధతికీ వేదిక. ఆ పత్రికను నడిపే అకాడమీని స్థాపించింది రామన్. సొంత అకాడమీ పత్రికలో, సొంత శిష్యుల ప్రయోగాల ఆధారంగా వచ్చిన వాదం కాబట్టి రామన్ వాదం బలహీనమని ఎవరైనా అంటే, అదే మాట భగవంతం, వెంకటరాయుడుల పద్ధతికీ వర్తించాలి. కాని ఆ పద్ధతి నిలిచింది. కాబట్టి ప్రచురణ స్థానం కూడా తుది కొలమానం కాదు. ఆ పద్ధతి నిలవడానికి కారణం అది తాను చెప్పగలిగినంతే చెప్పడం. పరమాణువుల మధ్య బలాలు ఎటువంటివో, మొత్తం కంపన పంపిణీ ఎలా ఉంటుందో అది నిర్ణయించబోదు. సౌష్ఠవం అనుమతించేదేమిటో మాత్రమే చెబుతుంది. ఏ స్ఫటికాన్ని తీసుకున్నా, ఏ ప్రయోగశాలలోనైనా, ఎవరైనా దానిని సరిచూడవచ్చు. 'స్వతంత్రం' అన్న మాటకు రెండవ అర్థం ఇక్కడ సంపూర్ణంగా సార్థకమైంది.

7. తరగతి గదిలో సంశయం:

వరంగల్ నగరంలో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన నిట్ ఉంది. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. ఒకచోట భౌతికశాస్త్రం ఇంగ్లీషులో బోధిస్తారు. మరొకచోట తెలుగు శాఖలో విమర్శ సూత్రాలు బోధిస్తారు. గ్రామాల నుంచి వచ్చే విద్యార్థి ఈ రెండింటి మధ్య నిలబడతాడు. క్వాంటం శాస్త్రాన్ని కూలదోశామన్న ఒక వీడియో అతనికి తెలుగులోనే అందుతుంది. దానిని పరీక్షించే పద్ధతి మాత్రం, అందితే, ఇంగ్లీషులో అందుతుంది. సవాలు మాతృభాషలో, సమాధానం పరభాషలో ఉన్నంతకాలం సవాలుకే చనువు ఎక్కువ.

ఈ స్థితిలో తెలుగు అధ్యాపకుని బాధ్యత భౌతికశాస్త్రం బోధించడం కాదు. వాక్యాన్ని పరీక్షించడం నేర్పడం. 'కనిపించింది', 'కొలిచారు', 'సూచిస్తోంది', 'పొసగుతోంది', 'నిరూపించింది' అనే క్రియలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. ఒక కావ్యవ్యాఖ్యలో ధ్వనిని, వాచ్యాన్ని వేరుచేయగల విద్యార్థి, ఒక విజ్ఞాన వార్తలో కొలతను, భాష్యాన్ని వేరుచేయలేకపోవడానికి కారణం అశక్తి కాదు, అలవాటు లేకపోవడం. భగవంతం 1931 పత్రానికి 'పొసగుతోంది' అన్న క్రియను, బెత్ ప్రయోగానికి 'కొలిచింది' అన్న క్రియను, కృష్ణన్ వర్ణపటానికి 'కనిపించింది' అన్న క్రియను వాడి చూస్తే ఈ వ్యాసం చెప్పిన విషయమంతా ఆ మూడు క్రియల్లో ఇమిడిపోతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. స్వతంత్ర ప్రయోగమంటే సంస్థకు వెలుపల జరిగినది అన్న అర్థం కన్నా, మరొకరి చేతుల్లోనూ నిలిచినది అన్న అర్థమే విజ్ఞాన విమర్శకు ఉపయుక్తం.

2. రామన్, భగవంతంల 1931 ప్రయోగంలో నిర్ణయం నిలిచింది గాని ఆధారం నిర్ణాయకం కాలేదు. రామన్, బోర్న్ వివాదంలో పరిశీలన నిలిచింది గాని భాష్యం నిలవలేదు. రెండింటినీ 'గెలుపు', 'ఓటమి' అన్న మాటల్లో చెప్పడం అసమగ్రం.

3. హోదా, బహుమతి, జాతీయత, ప్రచురణ స్థానం - వీటిలో ఏదీ తుది కొలమానం కాదని ఈ ఉదంతాలు చూపుతున్నాయి.

4. సంశయం, సవ్యభిచార హేతువు, వితండ వంటి న్యాయదర్శన పదాలు, పరికల్పన వంటి ఆధునిక పరిభాషతో కలిసి, తెలుగులో విజ్ఞాన విమర్శకు సమర్థమైన పనిముట్లు కాగలవు.

5. ప్రధాన స్రవంతిని సవాలు చేసే వాదం పట్ల చూపవలసిన సంశయం, ప్రధాన స్రవంతి పట్ల చూపవలసిన సంశయం వేర్వేరు కావు. ఏ ఫలితం వస్తే నీ మాట తప్పని ఒప్పుకుంటావు అన్న ప్రశ్నను రెండు పక్షాలనూ అడగాలి. క్లౌజర్ ఆ ప్రశ్నకు తన ఫలితంతో సమాధానం చెప్పాడు. రామన్ తన ప్రతిపాదనలో సమాధానం ఇచ్చి, ఫలితం వచ్చాక దానిని అంగీకరించలేకపోయారు. ఆ మహాశాస్త్రవేత్త జీవితంలోని ఈ ఘట్టాన్ని దాచకుండా, తగ్గించకుండా తెలుగులో బోధించగలిగిననాడు, విద్యార్థి వేదిక మీది ప్రకటనలను ఎదుర్కోవడానికి ఎవరి హోదానూ అరువు తెచ్చుకోవలసిన అవసరం ఉండదు.